అణుబాంబు పడితే ఇంట్లో చేసుకున్న ఏర్పాట్లు పనికొస్తాయా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమా?

మేడమెట్లు:
నెల రోజులుగా మా ఇంట్లో దీని మీదే వాదన. నేను ఒక పెట్టెలో మంచినీళ్ళ డబ్బాలు, సెల్స్ వేసుకునే రేడియో, టార్చిలైటు, అత్తగారి బీపీ మందులు రెండు వారాలకు సరిపడా సర్దుతుంటే మా ఆయన చూసి, "అణుబాంబు పడ్డాక ఎవరు మిగులుతారని ఇవన్నీ" అంటారు. చాలామంది అనే మాటే ఇది, కానీ నాకు అది నిజం కాదనిపిస్తోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబు సుమారు 15 కిలోటన్నులది, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు మందుకున్నంత శక్తి, ఆ ఏడాది చివరికి దాదాపు లక్షా నలభై వేల మంది పోయారు, మాటలకందని ఘోరం అది, అయినా ఆ రోజు ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు సుమారు మూడున్నర లక్షలు. సగానికి పైగా మిగిలారు. ఎయిజో నొమురా అనే ఆయన పేలుడు జరిగిన చోటికి 170 మీటర్ల దూరంలోనే ఉన్నారు, ఒక కాంక్రీటు భవనం నేలమాళిగలోకి దిగి ఉండబట్టి బతికి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా జీవించారు. అది అదృష్టమే, ఒప్పుకుంటాను. అదృష్టానికి వదిలేయాల్సింది ఎంత, తెలుసుకుని చేయగలిగింది ఎంత అన్నదే నా ప్రశ్న.

పాత లైబ్రరీ:
మేడమెట్లు గారూ, మీ బాధ అర్థమైంది కానీ లెక్క పాతదండీ. ఇప్పుడు క్షిపణుల మీద ఉన్నవి వందల కిలోటన్నులవి, పైగా ఒక్కటే వేసి ఆగుతారని ఎవరు చెప్పారు? 1980లో బ్రిటన్ ప్రభుత్వం ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, ఇంటి తలుపులు ఊడదీసి లోపలి గోడకు ఏటవాలుగా ఆనించి, వాటి మీద మట్టి సంచులు పేర్చి, కింద దాక్కోమని జనానికి చెప్పింది. దాన్ని చదివిన వాళ్ళలో చాలామందికి ధైర్యం రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపమే సరైనదని నా నమ్మకం. 2022లో వాతావరణ శాస్త్రవేత్తలు వేసిన అంచనా చూడండి, అమెరికా రష్యాల మధ్య పూర్తి స్థాయి అణుయుద్ధం జరిగితే మంటల మసి ఆకాశాన్ని కప్పేసి, పంటలు పోయి, ఐదు వందల కోట్ల మందికి పైగా ఆకలితో చనిపోవచ్చన్నారు. దానికి మీ పెట్టెలో ఏముందో చెప్పండి. నీళ్ళ డబ్బాలు సర్దడం వల్ల "ఏదో ఒకలా గట్టెక్కుతాంలే" అనే భావన మనసులో నాటుకుంటుంది. నాకు అదే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

ఫిజిక్స్ మాస్టారు:
లైబ్రరీ అన్నా, మీరు చెప్పిన అంచనా ముందు ఏ పెట్టే నిలవదు, అందులో వాదన లేదు. కానీ అణుదాడి అంటే వేల బాంబుల యుద్ధమే కానక్కర్లేదు, ఒక్కటి పడొచ్చు, అది కూడా మనకు ఇరవై కిలోమీటర్ల అవతల పడొచ్చు. అప్పుడు చావు బతుకులు చాలావరకు మొదటి రోజు ఎక్కడ ఉన్నామన్న దాని మీద ఉంటాయి.

బాంబు నేల దగ్గర పేలితే మట్టీ ఇటుకా ఆవిరై పైకి లేచి, రేడియేషన్ నింపుకున్న ధూళిగా గాలివాటున కిందికి రాలుతుంది. ఎత్తులో పేలితే, హిరోషిమాలోలాగా, ఆ ధూళి బాగా తక్కువ. భయంకరమైన ధూళే అయినా దాని పస త్వరగా తగ్గుతుంది. పేలిన గంటకు తీవ్రత 1000 అనుకుంటే ఏడు గంటలకు 100కి, రెండు రోజులకు 10కి, రెండు వారాలకు 1కి దిగుతుంది. అందుకే మొదటి 24 గంటలు లోపల ఉండమని అంత గట్టిగా చెబుతారు. చెక్క ఇల్లు ఆ ధూళి నుంచి వచ్చే కిరణాలను సగానికో మూడో వంతుకో తగ్గిస్తుంది, నేలమాళిగ పదో వంతుకు, పెద్ద కాంక్రీటు భవనం నడిబొడ్డున ఉంటే వందో వంతుకు లేదా ఇంకా తక్కువకు. కారు దాదాపు ఏమీ ఆపదు. పారిపోదామని కారెక్కి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనిషి ఆ ధూళి కింద ఆరుబయట కూర్చున్నట్టే.

1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర అమెరికా పరీక్ష కోసం పేల్చిన బాంబు అనుకున్నదానికి రెండు రెట్లకు పైగా, 15 మెగాటన్నుల శక్తితో, అంటే హిరోషిమా బాంబుకు దాదాపు వెయ్యి రెట్లతో పేలింది. నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రోంగెలాప్ దీవి మీద తెల్లని బూడిద రాలితే, అదేంటో తెలియక పిల్లలు అందులో ఆడుకున్నారు. వాళ్ళను అక్కడి నుంచి తరలించడానికి రెండు రోజులు పట్టింది. ఈ ఒక్క సంగతి గుర్తొస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఒంటి మీద పడనివ్వకండి, లోపలికి రండి అని చెప్పేవాళ్ళు లేకపోయారు.

నైట్ డ్యూటీ:
నేను కాలిన గాయాల వార్డులో నర్సుని. లైబ్రరీ గారి కోపంలో నాకూ భాగం ఉంది, ఎందుకంటే ఒళ్ళు సగం కాలిన ఒక్క మనిషిని బతికించడానికే వారాల తరబడి ఎంతమంది కావాలో రోజూ చూస్తున్నాను, అలాంటివాళ్ళు వేలల్లో వస్తే చూడగల ఆసుపత్రి వ్యవస్థ ఏ దేశంలోనూ లేదు. అందుకే ఇంట్లోనే తప్పించుకోగలిగినవాళ్ళు తప్పించుకోవాలంటాను.

రెండు మాటలు చెప్పాలి. అయోడిన్ మాత్రలు కొని పెట్టుకుంటే చాలనుకోకండి, అవి కాపాడేది థైరాయిడ్ గ్రంథిని ఒక్కదాన్నే, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచే, నలభై దాటినవాళ్ళకు ప్రయోజనం ఇంకా తక్కువ. అధికారులు చెప్పకుండా వేసుకోవద్దు. పుళ్ళకు రాసే టించర్ అయోడిన్ మాత్రం పొరపాటున కూడా తాగకండి. వీటికన్నా బట్టలు ముఖ్యం. బయటి నుంచి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే పైబట్టలు విప్పేసి సంచిలో కట్టి దూరంగా పెడితే ఒంటి మీది ధూళి చాలావరకు పోతుంది. తర్వాత సబ్బుతో స్నానం, గట్టిగా రుద్దకూడదు, జుట్టుకు కండిషనర్ రాయకూడదు, ధూళి వెంట్రుకలకు అంటుకుపోతుంది. మూతలు పెట్టి ఉన్న నీళ్ళు, ఆహారం పాడవవు, డబ్బా పైన తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మేడమెట్లు:
చాలా థాంక్స్ అక్కా. ఇవన్నీ చేయగలను. నావల్ల కానిది ఇంకొకటి ఉంది, రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వనిదీ అదే. పగటిపూట జరిగితే పిల్లలు స్కూల్లో ఉంటారు. మాస్టారు చెప్పిన లెక్క ప్రకారం స్కూల్ కాంక్రీటు భవనం, దారి అరగంట, నేను బయటికి పరిగెత్తితే నాకూ ముప్పే, వాళ్ళను తీసుకుని వెనక్కి వస్తే వాళ్ళకూ ముప్పే. బుర్రకు అర్థమవుతోంది. కానీ ఏ తల్లి కాళ్ళు ఆగుతాయండీ?

ఫిజిక్స్ మాస్టారు:
నాకూ ఇద్దరు పిల్లలు. నిజం చెప్పాలంటే నా కాళ్ళు కూడా ఆగవేమో. అందుకే ముందే మాట్లాడుకోవాలంటాను, ఆ క్షణంలో ఆలోచించి తీసుకునే నిర్ణయం కాదిది. మా పిల్లలకు ఒకటే చెప్పాను, "నేను రాలేదంటే మర్చిపోయానని కాదు, మీరు లోపల ఉండటమే మంచిదని తెలిసి ఆగాను." చిన్నవాడు ఏడ్చాడు. ఇంకోటి కూడా నేర్పాను, ఆకాశంలో పెద్ద మెరుపు కనిపిస్తే కిటికీ దగ్గరికి వెళ్ళొద్దని. 2013లో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలినప్పుడు వెలుగు చూసి జనం కిటికీల దగ్గర చేరారు, నిమిషం దాటాక వచ్చిన గాలి తాకిడికి అద్దాలు పగిలి సుమారు 1500 మంది గాయపడ్డారు. వెలుగు ముందు వస్తుంది, దెబ్బ తర్వాత వస్తుంది. ఆ మధ్యలో బోర్లా పడుకుని తల కప్పుకోవడానికి వ్యవధి ఉంటుంది.

కొత్త సభ్యుడు:
2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందని పొరపాటున ఫోన్లకు హెచ్చరిక వెళ్ళింది. అది తప్పని చెప్పే రెండో మెసేజ్ రావడానికి 38 నిమిషాలు పట్టింది. ఎక్కడ దాక్కోవాలో తెలియక జనం పరుగులు తీశారు. కనీసం ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళాలో తెలిసి ఉంటే ఆ 38 నిమిషాలు వేరేలా గడిచేవి.

పాత లైబ్రరీ:
నేను చెప్పింది వెనక్కి తీసుకోను. అణ్వాయుధాలను నిషేధించే ఒప్పందం 2017లో వచ్చింది, 2021లో అమల్లోకి వచ్చింది, ఆయుధాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ చేరలేదు. ఆశ్రయం కట్టండని అడిగే ప్రతి గొంతూ ముందు వాటిని తీసేయండని అడగాలి. స్విట్జర్లాండ్‌లో 1963 నుంచి చట్టం పెట్టి దాదాపు అందరికీ సరిపడా ఆశ్రయాలు కట్టారు, మరి మిగతా ప్రపంచంలో నేలమాళిగ లేనివాడి సంగతి? మా అమ్మ మంచం మీదే ఉంటుంది, మాది ఐదంతస్తుల బిల్డింగ్‌లో మూడో అంతస్తు. లిఫ్ట్ ఆగిపోతే ఆమెను కిందికి ఎలా దించను? నా కోపంలో సగం అదే అనుకోండి.

ఫిజిక్స్ మాస్టారు:
అన్నా, దించక్కర్లేదు. ధూళి పేరుకునేది పైకప్పు మీద, నేల మీద. ఐదింటిలో మూడో అంతస్తు రెండిటికీ దూరం. బయటి గోడకూ కిటికీకీ ఎడంగా, లోపలి గదిలోనో నడవలోనో ఉంచితే అది మంచి చోటే. ఫ్యాను, ఏసీ ఆపేసి కిటికీలు మూసేస్తే సరి.

పాత లైబ్రరీ:
ఇది నాకు తెలియదు మాస్టారూ. ఇన్నాళ్ళూ అమ్మ మంచం కిటికీ పక్కనే ఉంది, వెలుతురు ఇష్టమని. పగలు అక్కడే ఉండనిస్తాను. మంచానికి చక్రాలు బిగిస్తే లోపలి గదిలోకి నేనొక్కడినే తోయగలనా అని చూడాలి, తలుపు వెడల్పు సరిపోతుందో లేదో కొలుస్తున్నాను.