సీక్వెల్ పాత కథే కొనసాగించాలా, కొత్తగా మొదలవ్వాలా?

నెట్‌సెంటర్_బ్యాచ్:
మా తమ్ముడు మొన్న పీసీలో కౌబాయ్‌ల గేమ్ రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదలుపెట్టాడు. రెండో రోజే వచ్చి, "అన్నా, మొదటిది ఆడకపోతే ఇది అర్థం కాదా?" అని అడిగాడు. డబ్బు పెట్టి గేమ్ కొన్నవాడికి ఆ టెన్షన్ ఎందుకుండాలి? ఏ గేమ్ కథ ఆ గేమ్‌లోనే నిలబడాలి, నా పట్టు అదే.

మనలో చాలామంది జీటీఏ 3 ముట్టుకోకుండానే దాని తర్వాతి గేమ్ వైస్ సిటీ ఆడాం. ఏ లోటూ అనిపించలేదు. ఆ వరసలోనే వచ్చిన శాన్ ఆండ్రియాస్ మొదలు గుర్తు తెచ్చుకోండి. తల్లి పోయిందని హీరో సీజే సొంతూరికి వస్తాడు. పోలీసులు పట్టుకుని, ఉన్న డబ్బు లాక్కుని, శత్రువుల వీధిలో దింపేసి పోతారు. పక్కన ఒక సైకిలుంటుంది. ఎక్కి తొక్కడమే. వైస్ సిటీ లాయర్ రోజెన్‌బర్గ్ తర్వాత ఇందులోనూ కనిపిస్తాడు. తెలిసినవాడికి సంతోషం, తెలియనివాడికి నష్టం లేదు. సీక్వెల్ అంటే అలా ఉండాలి.

కమాండర్_అభిమాని:
అన్నా, ఒప్పుకోను. అంతరిక్ష కథ మాస్ ఎఫెక్ట్ మొదటి భాగంలో విర్‌మైర్ గ్రహం తీరాన మన జట్టులోని రెక్స్ మన మీదే తుపాకీ ఎత్తుతాడు. తన జాతికి మందు దొరికే చోటుని మనం పేల్చేయబోతున్నామని వాడి కోపం. నచ్చజెప్పగలిగితే బతుకుతాడు, లేకపోతే అక్కడే పోతాడు. మన నిర్ణయాలు దాచిన ఆ సేవ్ ఫైల్‌తో రెండో భాగం మొదలుపెట్టి వాడి గ్రహానికి వెళ్తే, తెగకి నాయకుడై కూర్చున్న రెక్స్ మనల్ని చూసి లేచి వస్తాడు. వాణ్ని చంపుకున్నవాళ్లకి ఆ పీఠం మీద వాడి సోదరుడు కనిపిస్తాడు. నాకు ఆ రోజు ఒళ్లు జలదరించింది. ప్రతిసారీ కొత్త మనిషితో మొదలయ్యే గేమ్ ఇది ఎక్కడినుంచి తెస్తుంది?

నెట్‌సెంటర్_బ్యాచ్:
ఆ సీన్ నాకూ ఇష్టమే తమ్ముడూ. కానీ రెండో భాగం 2011లో పీఎస్3 కన్సోల్‌కి వచ్చినప్పుడు మొదటిది అందులో లేనే లేదు. పాత నిర్ణయాలు ఎంచుకోవడానికి ఒక చిన్న కామిక్ చూపించారు. కామిక్‌లో బటన్ నొక్కి కాపాడిన రెక్స్, నువ్వు మాట్లాడి కాపాడుకున్న రెక్స్ ఒకటేనా? పైగా మూడు గేమ్‌ల బరువంతా 2012లో మూడో భాగం ముగింపు ఒక్కదాని మీద పడింది. జనం ఎంత గొడవ చేశారంటే, కొన్ని నెలలకే ముగింపుని పొడిగించి ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది.

పాత_కౌబాయ్:
మీ ఇద్దరికీ జవాబు ఆ తమ్ముడు ఆడుతున్న గేమ్‌లోనే ఉంది. రెండోది 2018లో వచ్చినా కథ జరిగేది 1899లో, అంటే 2010 నాటి మొదటి గేమ్ కథకి పన్నెండేళ్ల ముందు. ఏమీ తెలియనివాడికి రెండోదాని హీరో ఆర్థర్ కథ మొదటినుంచీ పూర్తిగా అందుతుంది. నేను మొదటిది ముందే ఆడాను. అందులో ఒకప్పటి తన ముఠావాళ్లు బిల్‌నీ హావియర్‌నీ హీరో జాన్ వేటాడాలి. రెండోదాంట్లో ఒక రాత్రి ముఠా క్యాంప్‌లో హావియర్ గిటార్ వాయిస్తూ పాడుతున్నాడు, చుట్టూ అందరూ నవ్వుతున్నారు, జాన్ కూడా అక్కడే. నేను మిషన్ వదిలేసి పాట అయ్యేదాకా మంట పక్కనే కూర్చున్నాను. ఈ మనుషులు పన్నెండేళ్ల తర్వాత ఏమవుతారో నాకు తెలుసు, వాళ్లకి తెలియదు.

నా మటుకు నాకు, కొత్తవాడికి తలుపు మూసేయకుండా పాతవాడికి ఇంత ఇవ్వగలిగితే కథ కొనసాగించాలి. లేకపోతే ఫైనల్ ఫ్యాంటసీ గేమ్‌లలా నంబరు మారినప్పుడల్లా లోకాన్నే మార్చేయడం మేలు.

నెట్‌సెంటర్_బ్యాచ్:
ఇది కాదనలేను. పీసీకి రెండోది 2019లో వస్తే మొదటిది 2024 దాకా రాలేదు. అంటే మా ఇంట్లోలాగే చాలామంది వెనకనుంచి ముందుకి ఆడినవాళ్లే, వాళ్లకీ కథ నిలబడింది. రెండోది పూర్తి చేశాకే మొదటిది ఆడమని తమ్ముడికి చెప్పాను. ఇప్పుడు జాన్ కొడుకు జాక్‌ని చేపలు పట్టడానికి తీసుకెళ్లే మిషన్ దగ్గరున్నాడు. గాలం వేయడం రాక విసుక్కుంటున్నాడు. ఆ పిల్లాడి గురించి వాడికి నేనేమీ చెప్పలేదు. మీరూ ఇక్కడ రాయకండి, ఈ చర్చ వాడూ చదువుతాడు.