వ్యక్తిగత కారణాలకు జీతం లేని సెలవు: అధ్యాపకుల హక్కు కావాలా, వీసీ (ఉపకులపతి) విచక్షణకే వదలాలా?

సహాయాచార్యురాలు:
పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని చూసుకోవడానికి మా విభాగంలో ఒకరు ఏడాదిపాటు జీతం లేని సెలవు అడిగారు. ఆర్జిత సెలవులు, అర్ధవేతన సెలవులు అప్పటికే అయిపోయాయి. విభాగానికి ఇబ్బంది అన్న ఒక్క ముక్క రాసి దరఖాస్తును తిప్పి పంపారు. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో అసాధారణ సెలవు, అంటే ఈ జీతం లేని సెలవు, మంజూరు చేసే వీలుంది కానీ, చేసి తీరాలన్న నిర్బంధం లేదు. ఇంట్లో తీవ్రమైన అనారోగ్యం ఉన్నప్పుడైనా ఈ సెలవు హక్కుగా దక్కాలని నా వాదన.

పూర్వ విభాగాధిపతి:
ఆమె పరిస్థితికి బాధపడనివారు ఉండరమ్మా. అయితే సెలవులో ఉన్నంతకాలం ఆ పోస్టుపై వారి లియన్ (తిరిగి వచ్చి చేరే హక్కు) ఉంటుంది కనుక అందులో శాశ్వత నియామకం చేయలేము. అసలే ఖాళీలతో నెట్టుకొస్తున్న విభాగంలో ఇంకొకరు తగ్గితే ఆ పేపర్లు ఎవరు చెప్పాలి, పీహెచ్‌డీ విద్యార్థులను ఎవరు చూసుకోవాలి? ఇతర సెలవులతో కలిపి ఏకబిగిన మూడేళ్లు, ఉద్యోగ జీవితం మొత్తంలో ఐదేళ్లు బయట ఉండే వీలు ఇప్పటికే ఉంది. అలా విదేశీ కొలువులకు వెళ్లి, గడువు తీరే వారంలో రాజీనామా పంపినవారిని నేను చూశాను. విచక్షణ ఉండాల్సిందే.

అతిథి అధ్యాపకుడు:
ఆ పేపర్లు చెప్పేది మేమే సార్. పీరియడ్ల లెక్కన ఇచ్చే డబ్బు వేసవి వస్తే అదీ ఉండదు. సెలవుపై వెళ్లినవారి జీతం ఎలాగూ మిగులుతున్నప్పుడు, అదే విభాగంలో ఒకరిని ఆ కాలానికి నెలజీతంపై ఎందుకు తీసుకోరు?

సహాయాచార్యురాలు:
సార్, రాజీనామాల విషయంలో మీ బాధ నిజమే. కానీ నిబంధనల్లోని ఈ అసమానతను చూడండి. జీతం లేని సెలవు సాధారణంగా ఇంక్రిమెంటుకు లెక్కకు రాదు. ఉద్యోగి తన అనారోగ్యానికి వైద్య ధ్రువపత్రం ఇచ్చినా, అల్లర్ల వల్లో ప్రకృతి వైపరీత్యం వల్లో విధుల్లో చేరలేకపోయినా, పైచదువులకు వెళ్లినా, బోధన ఉద్యోగానికో ఫెలోషిప్‌కో ఆహ్వానం అందినా మాత్రం లెక్కకు వస్తుంది. అంటే మీరు భయపడుతున్న విదేశీ కొలువుకు వెళ్లినవారికి ఇంక్రిమెంటు నిలుస్తుంది. తల్లికి ఒళ్లు తుడిచి, పూటపూటకూ గొట్టంలో జావ పోసి, పుండ్లు పడకుండా పక్క మార్చి పడుకోబెట్టిన మనిషికి పోతుంది. పైగా కొత్త పింఛను విధానంలో ఉన్న మాకు జీతం ఆగితే మా చందా, యాజమాన్యం వాటా రెండూ ఆగిపోతాయి. ఇంత నష్టానికి ఒప్పుకుని ఎవరూ సరదాకు సెలవు అడగరు.

కుటుంబ సభ్యుల తీవ్ర అనారోగ్యానికి ఏడాది వరకు హక్కుగా ఇవ్వండి. మిగతా వ్యక్తిగత కారణాలను వీసీకే వదలండి, కాదంటే ఎందుకు కాదో నెలలోపు రాతపూర్వకంగా చెప్పాలి. అతిథి అధ్యాపకులు అడిగిన నెలజీతపు తాత్కాలిక నియామకం కూడా ఇందులో భాగం కావాలి.

పూర్వ విభాగాధిపతి:
ఆ చివరి మాట అమలైతే నా అభ్యంతరంలో చాలా భాగం తీరుతుంది. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రభుత్వం ఏకమొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంటు చాలక, ఏ పద్దులో నాలుగు రూపాయలు మిగిలినా పింఛన్లకో కరెంటు బిల్లుకో సర్దేస్తారు. ఆ జీతం విభాగానికే చెందాలని పాలకమండలి ముందుగా తీర్మానించాలి. అది లేకుండా హక్కు ఒక్కటే ఇస్తే, పీరియడ్ల లెక్కన పనిచేస్తున్న ఈ అబ్బాయి మీదే ఇంకో రెండు పేపర్లు పడతాయి.