8.8 తీసేసి 10.9 వేసినా బోల్టులు తెగుతూనే ఉన్నాయి

గుణుపూర్ ఫిట్టర్:
అన్నలూ, మాది గుణుపూర్ దగ్గర కంకర క్రషర్. జల్లెడ కూర్చునే ఇనుప స్టాండుకి ఉన్న బోల్టులు పదిహేను రోజులకి ఒకటి తెగుతోంది. ఎం20 అంటే 20 మిల్లీమీటర్ల లావువి, తల మీద గ్రేడు 8.8 అనే ఉంది. మా ఓనరు రాయగడ వెళ్లి ఇంకా గట్టి గ్రేడు 10.9 తెచ్చాడు, అవీ మూడు వారాలు ఆగలేదు. జల్లెడ బరువు రెండు టన్నులు కూడా లేదే, ఒక్క 8.8 బోల్టే ఇరవై టన్నులు లాగుతుందంటారు కదా. షాపువాడు డూప్లికేట్ అంటగట్టాడా?

పర్లాకిమిడి వెల్డర్:
తమ్ముడూ, షాపువాణ్ణి తిట్టకు ముందు. ఆ ఇరవై టన్నుల లెక్క కరెక్టే, చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్లు ఇంటూ థ్రెడ్డు దగ్గర 245 చదరపు మిల్లీమీటర్లు. కానీ అది ఒక్కసారి లాగి తెంపితే. నీ జల్లెడ నిమిషానికి 800 సార్లు ఊగుతుందనుకో, ఎనిమిది గంటల షిఫ్టులో 3,84,000 ఊపులు, పదిహేను రోజులకి యాభై ఏడు లక్షలు! బైండింగ్ వైరుని చేత్తో లాగితే తెగదు, అటూ ఇటూ వంచితే తెగుతుంది కదా, ఇదీ అంతే. తెగిన ముక్క ఉంటే కడిగి చూడు. నునుపుగా, గవ్వ మీద గీతల్లా వరసలుండి, ఓ పక్క కొంచెం మాత్రం గరుకుగా ఉంటే అది ఫెటీగే, అంటే ఊపులకి అలిసిపోయి పగిలిందన్నమాట.

జయపురం సైట్ ఇంజనీర్:
ఫెటీగ్‌కి గ్రేడు పెంచి లాభం లేదండీ. యూరప్ వాళ్ల స్టీలు కట్టడాల కోడు, యూరోకోడ్ 3లో లాగుడు పడే బోల్టులకి గ్రేడు ఏదైనా ఫెటీగ్‌కి ఒకే కేటగిరీ, 50. థ్రెడ్డు గాడి దగ్గరే పగులు మొదలవుతుంది, అది 10.9కీ ఉంటుందిగా. అసలు సంగతి బిగింపు. బాగా బిగిస్తే ప్లేట్లు ఒకదాన్నొకటి నొక్కిపట్టి ఊపు చాలావరకు అవే మోస్తాయి, బోల్టుకి చేరేది కొంచెమే. వదులైందా, ఊపంతా బోల్టు మీదే. ఎం20 8.8కి దాదాపు పద్నాలుగు టన్నుల బిగువు ఉండాలి, మామూలు పొట్టి పానాతో అది రాదు. ప్లేట్ల మధ్య పెయింటు ఉందా? మందంగా ఉంటే అది నలిగి నాలుగు రోజుల్లో బిగువు జారిపోతుంది. బిగించాక నట్టు మీదుగా ప్లేటు మీదకి మార్కరుతో ఒక గీత గియ్యండి, కదిలితే తెలిసిపోతుంది.

గుణుపూర్ ఫిట్టర్:
ముక్క కడిగి చూశానన్నా. నట్టులోకి దూరే మొదటి థ్రెడ్డు దగ్గరే తెగింది, ముప్పావు వంతు అద్దంలా ఉంది. ప్లేట్ల మధ్య రెండు కోటింగులు ఎర్ర పెయింటు, వేసింది నేనే 😑 తుప్పు పట్టకుండా అని.

పర్లాకిమిడి వెల్డర్:
ఆ పెయింటు గోకెయ్. తెగని పాతవి కూడా మళ్లీ పెట్టకు, వాటికీ లోపల పగులు మొదలై ఉండొచ్చు.

గుణుపూర్ ఫిట్టర్:
రేపు ఆదివారం, క్రషర్ బంద్. గ్రైండరు, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచి అడిగి పెట్టాను. 10.9కి పెట్టిన డబ్బు గురించి ఓనరుకి ఎలా చెప్పాలో అది మాత్రం మీరే చెప్పాలి.