కొత్త టీవీలో సినిమా డైలీ సీరియల్‌లా కనిపిస్తోంది, మాటలు వినపడట్లేదు. తప్పు ఎక్కడ?

రిమోట్_రాజా అడిగారు:
55 అంగుళాల 4కె ఎల్‌ఈడీ టీవీ. పిక్చర్ మోడ్ వివిడ్, సౌండ్ స్టాండర్డ్, మిగతావన్నీ కంపెనీ ఇచ్చినట్టే ఉన్నాయి. చాలా ఇష్టమైన సినిమా పెట్టినా షూటింగ్ స్పాట్‌లో నిలబడి చూస్తున్నట్టుంది, మనుషులు జారుతూ నడుస్తున్నారు. రాత్రి సీన్లలో ముఖాలు కనపడవు. డైలాగ్ కోసం వాల్యూమ్ 40కి పెంచితే ఫైట్ రాగానే 15కి దించాలి. రివ్యూల్లో అందరూ కెమెరా పనితనం అద్భుతం అంటున్నారు. నాకే ఎందుకు నచ్చట్లేదు?

పాతరీలు:
ముందు ఆ జారుడు సంగతి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాత సీరియళ్లు వీడియో కెమెరాతో సెకనుకు 50 లేదా 60 ఫీల్డులు (సగం గీతలున్న బొమ్మలు) తీసేవారు, అందుకే కదలిక నున్నగా ఉండేది. మీ టీవీ రెండు ఫ్రేముల మధ్య తనే కొత్త ఫ్రేములు కల్పించి సినిమాని కూడా అలా నున్నగా చేసేస్తోంది. చేయి వేగంగా ఊపినప్పుడు వేళ్ల చుట్టూ నీళ్లలా అలికినట్టు కనిపిస్తే అది కల్పించిన ఫ్రేమే.

దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ (పాత మోడళ్లలో ఆటో మోషన్ ప్లస్). ఆఫ్ చేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క దెబ్బతో పని అయిపోతుంది. 2019లో యూహెచ్‌డీ అలయన్స్ అనే టీవీ, సినిమా కంపెనీల కూటమి ప్రకటించిన మోడ్ అది. కల్పిత ఫ్రేములు, అదనపు షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ అన్నీ తీసేస్తుంది.

మొదటి రెండు రోజులు తెల్లచొక్కా పసుపుగా అనిపిస్తుంది. కంగారుపడి వెనక్కి మార్చకండి. వివిడ్‌లో తెలుపు నీలానికి ఒరిగి ఉంటుంది, కన్ను దానికే అలవాటు పడింది. సినిమాకి రంగులు సరిచూసేది 6500 కెల్విన్ తెలుపు మీద.

ఇంకో మెలిక: చాలా టీవీలు మామూలు వీడియోకి, హెచ్‌డీఆర్‌కి (వెలుగునీడల తేడా ఎక్కువ చూపించే వీడియో), ఒక్కో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి సెట్టింగులు విడివిడిగా దాచుకుంటాయి. కాబట్టి హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగా ఇంకోసారి మార్చాలి. "ఆఫ్ చేశా, అయినా అలాగే ఉంది" అనేవాళ్లలో సగం మంది చిక్కుకునేది ఇక్కడే.

సౌండ్‌పెట్టె:
మాట వినపడకపోవడం వేరే జబ్బు. 5.1 ట్రాక్‌లో (ఆరు చానెళ్ల సరౌండ్ సౌండ్) డైలాగ్ దాదాపు మొత్తం మధ్య స్పీకర్‌కే వెళ్తుంది. మీ టీవీకి ఆ స్పీకర్ లేదు. ఆరు చానెళ్లనీ రెండింట్లోకి కలిపేటప్పుడు మధ్యదాన్ని సాధారణంగా 3 డెసిబెల్స్ తగ్గించి చెరో వైపు పోస్తారు, సంగీతం, బాంబుల మోత కూడా అదే రెంటిలో పడతాయి. పైగా పలచటి టీవీల స్పీకర్లు నేలకో గోడకో మొహం పెట్టి ఉంటాయి.

చేయాల్సింది ఈ వరసలో:
1. యాప్‌లో ఆడియో మెనూ తెరిచి, అదే భాషలో 5.1 లేని ట్రాక్ ఎంచుకోండి. సగం సమస్య ఇక్కడే తీరుతుంది.
2. బయటి బాక్స్ వాడుతుంటే దాని ఆడియో అవుట్‌పుట్ స్టీరియో లేదా పీసీఎం (కుదించని ఆడియో) పెట్టండి.
3. నైట్ మోడ్ ఆన్ చేయండి. పెద్ద మోతని అణిచి చిన్న మాటని లేపుతుంది. థియేటర్ మజా కొంత పోతుంది, రాత్రిపూట మాత్రం ఇదే దిక్కు.
4. చివరగా క్లియర్ వాయిస్ లాంటిది. అది హల్లులు స్పష్టంగా వినిపించే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని పెంచుతుంది. టీవీలోనూ సౌండ్‌బార్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేస్తే 'స', 'ష' చెవిలో గుచ్చుకుంటాయి. ఒకచోటే ఉంచండి.

సౌండ్‌బార్ కొనే ఆలోచన ఉంటే 2.1 కాదు, 3.1 చూడండి. ముందున్న 3 అంకెలో మధ్య స్పీకర్ ఉంది. వూఫర్ సైజు చూసి మోసపోవద్దు, అది మాటకి పనికిరాదు.

టీవీ చానెల్ నుంచి యాప్‌కి మారగానే శబ్దం తగ్గడం కూడా సినిమా తప్పు కాదు. నెట్‌ఫ్లిక్స్ డైలాగ్ సగటుని -27 ఎల్‌కేఎఫ్ఎస్ (శబ్దం చెవికి ఎంత పెద్దగా ఉందో చెప్పే కొలత, సున్నాకి దూరమైతే శబ్దం తక్కువ) దగ్గర అడుగుతుంది. ప్రసారాల ప్రమాణం అమెరికాలో -24, యూరప్‌లో -23.

చీకటిగది:
చీకటి సీన్లకి బ్రైట్‌నెస్ పెంచేయకండి. చాలా టీవీల్లో ఆ మీట కదిపేది వెలుతురుని కాదు, నలుపు మొదలయ్యే చోటుని. వెలుతురు కావాలంటే బ్యాక్‌లైట్. సోనీ లాంటి కొన్నింటిలో మాత్రం బ్రైట్‌నెస్ అంటేనే బ్యాక్‌లైట్, సోనీలో నలుపుకి బ్లాక్ లెవెల్ వేరే ఉంది.

ముందు పవర్ సేవింగ్, లైట్ సెన్సర్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపండి. గది లైట్లు ఆర్పి, పైనా కిందా నల్లపట్టీలు ఉండే స్కోప్ సినిమా పెట్టండి. పట్టీలు బూడిదరంగుకి తిరిగేదాకా నలుపు మీటని పెంచి, ఒక మెట్టు వెనక్కి రండి. అంతే.

అయినా జుట్టూ కోటూ ఒకే నల్లముద్దలా ఉంటే హెచ్‌డీఎంఐ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా వాడే అంకెలు) చూడండి. బాక్స్ 0-255 పంపుతూ, టీవీ 16-235 అనుకుంటే నీడలన్నీ నలుపులో మునిగిపోతాయి. తిరగేస్తే బొమ్మంతా పొగపట్టినట్టు వెలిసిపోతుంది. రెండుచోట్లా లిమిటెడ్ (16-235) పెడితే సరి.

2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ మూడో ఎపిసోడ్ మీద వచ్చిన గోల గుర్తుందా? ఆ ఎపిసోడ్ కావాలనే చీకటిగా తీశారు, దానికి కంప్రెషన్ (ప్రసారం కోసం వీడియోని కుదించడం) తోడైంది, ఆపైన ఇళ్లలో వివిడ్ మోడ్‌లు. ఒక్కరి మీద నెట్టేసే కేసు కాదది.

రిమోట్_రాజా:
మాట, చీకటి రెండూ దారికొచ్చాయండీ, థాంక్స్. కానీ ట్రూమోషన్ ఆపాక కెమెరా పక్కకి తిరిగినప్పుడు బొమ్మ తొణుకుతోంది. ఇదేం గోల?

పాతరీలు:
సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే (60 హెర్ట్జ్) టీవీలో సినిమా 24 ఫ్రేములు సమంగా ఇమడవు. ఒక ఫ్రేమ్ 3 సార్లు, తర్వాతది 2 సార్లు చూపిస్తుంది. అంటే ఒకటి 50 మిల్లీసెకన్లు, ఇంకొకటి 33. ఆ తొణుకు అదే. 120 హెర్ట్జ్ ప్యానెల్ అయితే ప్రతి ఫ్రేమూ 5 సార్లు, సమంగా. మీ బాక్స్‌లో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ (సినిమా ఫ్రేముల లెక్కకే టీవీని మార్చేది) ఆన్ చేసి చూడండి. కొంత తొణుకు సినిమాలోనే ఉంటుంది. అందుకే ఒక వస్తువు తెర ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడానికి 7 సెకన్లు పట్టేలా పాన్ చేయాలని (కెమెరాని పక్కకి తిప్పాలని) కెమెరామెన్ లెక్క.

చీకటిగది:
ఇక్కడ పాతరీలు గారితో కొంచెం తేడా. ఓలెడ్ (ప్రతి పిక్సెల్ తనే వెలిగే తెర) అయితే ట్రూమోషన్ పూర్తిగా ఆఫ్ చేయడం అందరికీ పడదు. పిక్సెల్ క్షణంలో మారిపోతుంది కాబట్టి ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య గెంతు ఎక్కువ తెలుస్తుంది. దాని యూజర్ మోడ్‌లో డీ-జడ్డర్ (తొణుకు తగ్గించేది) 2 లేదా 3 పెట్టి, డీ-బ్లర్ (మసక తగ్గించేది) 0 ఉంచండి. 5 దాటితే మళ్లీ సీరియలే.

పాతరీలు:
3 దాకా ఒప్పుకుంటా. క్రికెట్‌కి ఎంతైనా పెట్టుకోండి, దాని ఇన్‌పుట్ సెట్టింగ్ వేరుగా ఉంచితే చాలు.