అప్‌డేట్: కాలిఫోర్నియాలో ప్రైవేట్ తుపాకీ బదిలీకి 11 శాతం పన్ను పడలేదు

జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. తెలిసినవాళ్ల దగ్గర కొంటున్న పాత పిస్టల్‌కి డీలర్ 11 శాతం ఎక్సైజ్ పన్ను, సేల్స్ టాక్స్ రెండూ వేశాడని అడిగాను కదా, రెండూ తీసేశారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన ఆ 11 శాతం డీలర్ తాను అమ్మే సరుకు మీదే. ఇక్కడ తుపాకీ అతనిది కాదు, కాగితాల పని మాత్రమే అతనిది. రిటైల్ సేల్ కింద కాకుండా ప్రైవేట్ పార్టీ ట్రాన్స్‌ఫర్‌ (ఇద్దరు మామూలు వ్యక్తుల మధ్య, డీలర్ ద్వారా జరిగే బదిలీ) కింద ఎంటర్ చేయించమన్న సలహానే పనిచేసింది.

చివరికి బిల్లు: రాష్ట్రం ఫీజు 37.19 డాలర్లు, డీలర్‌కి 10. బదిలీ చేసినందుకు తుపాకీకి ఆ 10కి మించి అడగకూడదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ కౌంటర్ దగ్గరికి వెళ్లాలి, తర్వాత 10 రోజులు ఆగాలి. కాగితాలు పూర్తిచేసిన 30 రోజుల్లోపు తుపాకీ తీసుకోకపోతే మళ్లీ మొదటికే, ఫీజులతో సహా. హ్యాండ్‌గన్ రోస్టర్ (డీలర్లు అమ్మడానికి రాష్ట్రం ఒప్పుకున్న పిస్టళ్ల జాబితా) గొడవకి, దీనికి సంబంధం లేదు, ప్రైవేట్ బదిలీకి అది వర్తించదు.