‘నన్నుగూర్చి మొఱ్ఱపెట్టుము’ అంటే ఎవరి మీద మొర?

ప్రశ్న: కీర్తనలు 50:15లో “ఆపత్కాలమున నీవు నన్నుగూర్చి మొఱ్ఱపెట్టుము” అని ఉంది. కష్టంలో ఉన్న ఇంట్లో ప్రార్థనకు కూడినప్పుడు తరచుగా చదివే వాక్యం. ‘నన్నుగూర్చి’ అంటే ‘నా గురించి’ కదా అని, దేవుడు తన మీదే ఫిర్యాదు చేయమంటున్నాడని సండేస్కూలు పిల్లలు అనుకుంటున్నారు. ఎలా విప్పి చెప్పాలండీ?

జవాబు: ఇక్కడ ‘గూర్చి’ అంటే ‘ఉద్దేశించి, వైపు తిరిగి’. ‘శివుని గూర్చి తపస్సు చేశాడు’ అంటాం చూడండి, అదే వాడుక. పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. తికమక ఎక్కడంటే, అదే బైబిల్లో ఫిలిప్పీ 4:6 “దేనినిగూర్చియు చింతపడకుడి” అంటుంది. అక్కడ మాత్రం ఇవాళ్టి ‘గురించి’యే. అందుకని పక్కనున్న క్రియ చూడాలి. మొఱ్ఱపెట్టు, తపస్సు చేయు అయితే ఎవరికి అని. చింతపడు, చెప్పు అయితే దేని సంగతి అని. హీబ్రూ మూలంలో ఉన్నది ‘నన్ను పిలువు’ అనే మాటే. పిలుపు అంటే సరిపోయేది, కానీ ఆపదలో పిలిచే పిలుపుకు తెలుగులో మొఱ్ఱను మించిన మాట లేదు.

ఇంకొకరు: ఆ మాట ఇంకా మన నోట్లోనే ఉందండీ. ‘వద్దు మొర్రో అంటే వినడే’, ‘కుయ్యో మొర్రో’ అనేవి అదే మొఱ్ఱ. కుయ్యి అన్నా మొరే. ఫోన్ బైబిల్లో వెతికేవారికి ఒక హెచ్చరిక: ‘మొర్ర’ అని కొడితే ‘మొఱ్ఱ’ దొరకకపోవచ్చు, ఎందుకంటే యూనికోడ్‌లో ర, ఱ వేర్వేరు అక్షరాలు. పైగా నిర్గమ 2:23లో వెట్టిచాకిరీ కింద నలిగిన ఇశ్రాయేలీయులు పెట్టింది ‘మొర’. మూడు రూపాలతోనూ వెతకండి.

మొదటి జవాబు రాసినవారు: కష్టానికి నేనైతే కీర్తనలు 118:5 ముందు చదవమంటాను. “ఇరుకునందుండి నేను యెహోవాకు మొఱ్ఱపెట్టితిని విశాలస్థలమందు యెహోవా నాకు ఉత్తరమిచ్చెను.” హీబ్రూలో ‘మేత్సర్’ అంటే ఇరుకు చోటు. 50:15లోని ఆపదకు వాడిన ‘త్సారా’ కూడా ఆ ధాతువుదే. గ్రీకు అనువాదంలో అది నొక్కుడు, ఒత్తిడి అనే మాటగా మారింది. మన అనువాదకులు మాత్రం ‘ఇరుకు’ను ఇరుకుగానే ఉంచారు. ‘ఇరుకున పడ్డాను’ అనే భాషకు అది అతికినట్టు సరిపోయింది, ఎంత మంచి ఎంపికో! పైగా ‘అందుండి’ అన్నారు. బయటపడ్డాక కాదు, ఇంకా ఇరుకులో ఉండగానే పెట్టిన మొర అది. యూదులు పస్కా పండుగకు పాడే 113–118 కీర్తనల్లో చివరిది ఇదే. మత్తయి 26:30లో గెత్సేమనేకు బయలుదేరే ముందు యేసు, శిష్యులు పాడిన కీర్తన ఈ వరసలోదేనని ఎక్కువమంది వ్యాఖ్యాతల మాట.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండీ. ‘ఉత్తరమిచ్చెను’ అంటే చీటీ పంపాడా అని కూడా అడుగుతారు!

జవాబు: ‘ప్రశ్నోత్తరాలు’ గుర్తుచేయండి, ఉత్తరం అంటే జవాబని వాళ్లే చెప్పేస్తారు. అసలు జాగ్రత్త చదవడంలో ఉంది. ఆ వచనం మధ్యలో విరామచిహ్నం లేదు. ‘మొఱ్ఱపెట్టితిని విశాలస్థలమందు’ అని ఒకే ఊపిరిలో లాగేస్తే మొర పెట్టిందే విశాలస్థలంలో అయిపోతుంది, ఇరుకు పోతుంది. ‘మొఱ్ఱపెట్టితిని’ దగ్గర నిండుగా ఆగి, ‘విశాలస్థలమందు’ కొత్తగా ఎత్తుకోమనండి.