ఎమ్మెస్ ఆర్థో పీజీలకు ఉమ్మడి శిక్షణ: ముందు ఏం కుదుర్చుకోవాలి?

నాగావళి_ఆర్థో:
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆర్థో (ఎముకల విభాగం) హెచ్‌ఓడీలు కలిసి పీజీలకు శిక్షణ ఇవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకచోట ట్రామా (ప్రమాదాల్లో తగిలే దెబ్బలు) ఎక్కువ, ఇంకోచోట కీళ్ల మార్పిడి, మరోచోట పిల్లల వంకర పాదాలు. పీజీలను అటూ ఇటూ పంపితే సరిపోతుందా?

చంపావతి_గట్టు:
పంపడం చివరి మెట్టు అండీ. ముందు లాగ్‌బుక్ (పీజీ తన కేసులు రాసుకునే పుస్తకం) భాష ఒకటి చేయాలి. 'నేను చేశాను' అన్న మాటకు ఒక్కో యూనిట్‌లో ఒక్కో అర్థం. తుంటి దగ్గర విరిగిన ఎముకకు పీఎఫ్ఎన్ (తొడ ఎముక లోపలికి దించే రాడ్డు) వేస్తే రిడక్షన్ (విరిగిన ముక్కలను సరైన చోటికి తేవడం), ఎంట్రీ (రాడ్డుకి దారి చేయడం), లాగ్ స్క్రూ (తొడ ఎముక తలలోకి వెళ్లే స్క్రూ), డిస్టల్ లాకింగ్ (రాడ్డు కింది కొసను స్క్రూతో బిగించడం) విడివిడిగా రాయించండి. ఏది చూశారు, దేనికి అసిస్ట్ చేశారు, ఏది సీనియర్ పక్కనుండగా చేశారు అన్నది ప్రతిదానికీ ఉండాలి. లాకింగ్ మాత్రమే చేసి కేసంతా తన ఖాతాలో రాసుకున్న పీజీకి అవతలి కాలేజీవాళ్లు నమ్మి రిడక్షన్ అప్పజెబితే నష్టపోయేది పేషెంటు.

టిప్-అపెక్స్ దూరం (లాగ్ స్క్రూ కొస నుంచి తొడ ఎముక తల శిఖరం దాకా) కూడా రాయించండి. ఏపీ (ముందు నుంచి), లేటరల్ (పక్క నుంచి) ఎక్స్‌రేల కొలతలు కలిపి 25 మి.మీ. లోపు ఉండాలి. ఫిల్ము మీద నేరుగా స్కేలు పెడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. స్క్రూ అసలు వ్యాసంతో పోల్చి సరిచేయాలి. ఈ ఒక్క అంకె చాలు, మూడు చోట్ల ఫలితాలు పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడానికి.

వంశధార_బోన్:
తర్వాత ప్లాస్టిక్ ఎముకలతో వర్క్‌షాప్. ఇద్దరికి ఒక ఎముక, నలుగురికి ఒక ఫ్యాకల్టీ. అంతకుమించితే వెనకున్నవాళ్లు డ్రిల్లు ముట్టకుండానే వెళ్లిపోతారు. 3.5 మి.మీ. కార్టికల్ స్క్రూకి 2.5 మి.మీ. డ్రిల్ బిట్. అదే స్క్రూ లాగ్‌గా (రెండు ముక్కలను దగ్గరికి లాగేలా) పనిచేయాలంటే దగ్గరి కార్టెక్స్‌కి (ఎముక గట్టి పై పొరకి) 3.5, అవతలి దానికి 2.5. రెండూ 2.5తో వేస్తే స్క్రూ ఎంత బిగించినా ఫ్రాక్చర్ సందు మూసుకోదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఒక కంపెనీ స్క్రూడ్రైవర్ ఇంకో కంపెనీ స్క్రూ తలకి పట్టకపోవచ్చు, సెట్లు ముందురోజే సరిచూసుకోండి.

నాగావళి_ఆర్థో:
మరి రొటేషన్ ఎన్నాళ్లు పెట్టాలి? రెండు వారాలు చాలా?

చంపావతి_గట్టు:
వంకర పాదాలకు అస్సలు చాలదు. పొన్సేటి పద్ధతిలో కట్టు వారానికొకటి, మామూలుగా అయిదారు పడతాయి. ఆపైన టెనాటమీ (మడమ నరాన్ని కోసి వదులు చేయడం), మూడు వారాల కట్టు, తర్వాత బ్రేస్ (పాదాలను సరైన తీరులో పట్టి ఉంచే బూట్లు). రెండు వారాలకు వచ్చిన పీజీ ఒక పాపకు రెండు కట్లు చూసి వెళ్లిపోతే దిద్దుబాటు ఎలా జరుగుతుందో తెలియదు. కనీసం రెండు నెలలు ఇవ్వండి. పీజీలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాల్సిన మూడు నెలల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ఎలాగూ 3, 4, 5 సెమిస్టర్లలో ఏదో ఒకదానిలోనే పడుతుంది. దాన్ని ముందు క్యాలెండర్‌లో గుర్తించి, మిగిలిన ఖాళీలోనే రొటేషన్ పెట్టాలి. లేకపోతే క్యాజువాలిటీ నైట్ డ్యూటీకి మనిషి లేక మొదటి నెలలోనే పీజీని వెనక్కి పిలిపించాల్సి వస్తుంది.